పెరుగు తపేలాలో పాత బియ్యం

గోదారికి వరద తగిలిందన్న కబురు ఆ ఏడు మా ఇంటికి మొదట తెచ్చింది పెరుగావిడ. పొద్దున్నే లంక కొసనుంచి నడిచి వచ్చి, వీధి అరుగు మీద తపేలా దించి, కొంగుతో మొహం తుడుచుకుని, "ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక ఇచ్చేరంటండీ అమ్మగారూ. పడవాయన చెప్పేడు. సామాన్లు చూసుకోండి" అంది. భయం తర్వాత వచ్చింది. ముందు నా మోకాళ్ళు గుర్తొచ్చేయి.

మాది కొత్తపేట అవతల, గోదారి రెండు పాయల మధ్యనున్న లంక ఊరు. ఊళ్ళోకి రావాలన్నా, ఊరు దాటాలన్నా పాయకి అడ్డంగా వేసిన కాజ్‌వే ఒక్కటే దారి. నీరు కాస్త పెరిగితే ముందు మునిగేది అదే. అది మునిగిందంటే ఆటోలు రావు, గ్యాస్ బండ రాదు, కూరగాయల బండి రాదు. ఇంట్లో ఏముంటే అదే తినాలి. అందుకని ఏటా శ్రావణంలో సామానంతా పైకి ఎత్తుతాం. వరద తీసేక బురద కడిగి, అన్నీ కిందకి దించుతాం. పెళ్ళై ఈ ఊరు వచ్చిన దగ్గర్నుంచీ నా పని ఇదే. వయసులో ఉన్నప్పుడు నవ్వుకుంటూ ఎత్తేను. ఇప్పుడు ఎత్తేటప్పుడే దించడం గుర్తొచ్చి నీరసం వస్తుంది. ఒక్క ఏడు గోదారి తల్లి మమ్మల్ని మరిచిపోతే ఎంత బావుండునో అనుకుని, అలా అనుకున్నందుకు మళ్ళీ చెంపలేసుకుంటాను. ఆవిడ తెచ్చిపోసిన మన్నులో పండిందే కదా మేం తినేది.

ఆ ఏడు మాత్రం ఎత్తవలసింది సామాను ఒక్కటే కాదు. మా అమ్మాయి తొలి పురిటికి వచ్చింది. అల్లుడు కువైట్‌లో ఉన్నాడు. అమలాపురం ఆస్పత్రిలో ఆడపిల్లని కని, తల్లీ పిల్లా ఇంటికొచ్చి ఇంకా పురిటి స్నానం కాలేదు. కొత్తపేటలో మా ఆడపడుచు ఉంది, మేడ ఇల్లు, నీరు రాదు. కానీ పురుడు వెళ్ళని బాలింతని ఇంకొకరి గడప తొక్కించే ఆనవాయితీ మాకు లేదు. వాళ్ళు రమ్మనకూడదు, మనం వెళ్ళకూడదు. గట్టు అవతల బళ్ళో పునరావాసం పెడతారు గానీ, అంతమంది దగ్గుల మధ్య పచ్చి పసికందుని ఎలా పడుకోబెట్టను? ఇంట్లోనే ఉందామనుకున్నాం. డాబా మీద చిన్న రేకుల గది ఉంది. దేవుడి మీద భారం వేసి, ఆ గది కడిగించేను.

ఇంక మాకు కావలసింది బాలింతకి తిండి. ముఖ్యంగా పాత బియ్యం.

ఇది తెలియనివాళ్ళకి చెబుతాను. మా వైపు బాలింతకి ఏడాది దాటిన బియ్యమే వండుతారు. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది, కడుపు ఉబ్బరం చేస్తుంది, తల్లికి పడనిది పాలు తాగే బిడ్డకీ పడదని మా అత్తగారు అంటారు. అమ్మాయి నెల తప్పిందని ఫోను వచ్చిన రోజునే ఆవిడ నన్ను పిలిచి, కిందటేటి సార్వా పంట బియ్యం ఒక రేకు డ్రమ్ములో పోయించి, మధ్యమధ్య ఎండు వేపాకు వేయించి, మూతకి గుడ్డ బిగించి కట్టించేరు. ఆ డ్రమ్ము జోలికి ఎవరూ వెళ్ళకూడదు. చుట్టాలొచ్చి బియ్యం చాలకపోయినా సరే, పక్కింట్లో బదులు తెచ్చుకున్నాం గానీ ఆ గుడ్డ విప్పలేదు. పురిటికి కావలసిన కాయం మందు, శొంఠి, వెల్లుల్లి కారం, నెయ్యి, పాత చింతపండు అన్నీ ఆవిడ చేతి మీదే సమకూరేయి. ఎనభై దాటిన మనిషి, కళ్ళు సరిగ్గా ఆనవు, అయినా ఏ డబ్బాలో ఏముందో చెయ్యి పెట్టి చెబుతారు.

రెండో హెచ్చరిక వచ్చేసరికి మా ఊరి కిరాణా కొట్టు తీర్థంలా కిక్కిరిసి ఉంది. మా ఆయన పశువుల్ని గట్టు మీదకి తోలడానికి వెళ్ళేరు, నేనే సంచీ పట్టుకెళ్ళేను.

"ఉప్పు ఉందాండీ?" అన్నాను.

"ఉప్పు ఉందండి, అగ్గిపెట్టెలు అయిపోయేయి" అన్నాడు కొట్టాయన. "పై వీధి కొట్లో అగ్గిపెట్టెలున్నాయి, ఉప్పు లేదంట. ఊరంతా కలిసి ఒకే పొయ్యి పెట్టుకోండి, సరిపోద్ది."

నా ముందున్నావిడ ఉల్లిపాయలు బస్తాకి బస్తా కట్టించుకుంటోంది. వెనకనుంచి ఎవరో, "వదినా, వరదకా పెళ్ళికా ఆ కొనడం?" అంటే, "గోదారి చుట్టపుచూపుగా వస్తోంది కదమ్మా, వట్టి చేతుల్తో పంపుతామా?" అందావిడ. అందరూ నవ్వేరు. నవ్వుతూనే చేతులు మాత్రం డబ్బాల మీంచి తీయలేదు ఎవరూ. కందిపప్పు ఉన్నంతవరకూ తలా కాస్త పంచేడు ఆ కొట్టాయన. చల్లగా ఉండాలి, ఆ రోజు ధర పెంచలేదు. నాకు పప్పు, ఉప్పు, బెల్లం, నూనె దొరికేయి. కొవ్వొత్తులు దొరకలేదు. బియ్యం బెంగ లేదు కదా అనుకుంటూ ఇంటికొచ్చేను.

ఇంటికొచ్చేక ఎత్తడం మొదలైంది. మా హాల్లో గోడ మీద ఎర్ర రంగుతో అడ్డంగా గీసిన గీత ఒకటి ఉంది. మా మామగారి కాలంలో వచ్చిన పెద్ద వరదకి నీళ్ళు అంతవరకూ ఎక్కేయని గుర్తు. పాత పెంకుటింట్లో ఆయనే బొగ్గుతో గీసేరట. ఆ ఇల్లు తీసేసి డాబా కట్టినప్పుడు, మా అత్తగారు మేస్త్రీని వెంటబెట్టుకుని, నేల నుంచి గీత దాకా తాడుతో కొలిపించి, అదే ఎత్తున కొత్త గోడ మీద వేయించేరు. ఏటా శ్రావణ శుక్రవారం ఆ గీతకి పసుపు రాసి బొట్లు పెడతాం. గీత దాటి రాకమ్మా అని దణ్ణం పెట్టుకుంటాం. మా ఇంట్లో ఎవరినడిగినా ఇదే చెబుతారు: గీత పైన ఉన్నది మనది, గీత కింద ఉన్నది గోదారిది.

రోజువారీ బియ్యం బస్తా, పప్పులు, గ్యాస్ బండ రేకుల గదిలోకి ఎక్కించేం. డ్రమ్ము మాత్రం మెట్ల మలుపులో పట్టలేదు. బియ్యం సంచుల్లోకి తీసి పైకి చేరుద్దామన్నారు మా ఆయన.

"వద్దురా" అన్నారు మా అత్తగారు. "పైన రేకుల్లోంచి జల్లు కొడుతుంది. పాత బియ్యానికి చెమ్మ తగిలిందంటే పురుగు పట్టేస్తుంది. గీత మీదకి ఎక్కించు, చాలు."

అది సబబుగానే తోచింది మాకు. హాల్లో ఇటుకలు పేర్చి, వాటి మీద పందిరి మంచం బల్లలు పరిచి, డ్రమ్ము అడుగు గీతకి జానెడు పైన ఉండేలా ఎత్తేం. మా ఆయన నడుం పట్టుకుని కూలబడ్డారు. రెండు మూడు రోజులకి సరిపడా బియ్యం అమ్మాయికని పైకి తీసుకెళ్ళేను. మిగతాదంతా డ్రమ్ములోనే ఉంది. అత్తగారు తడుముకుంటూ వచ్చి, డ్రమ్ము మీద చెయ్యి వేసి, గీత మీద చెయ్యి వేసి, రెండిటికీ మధ్య ఎడం చూసుకుని తృప్తిగా పైకెక్కేరు.

నీళ్ళు తెల్లారుతుండగా దొడ్డివైపునుంచి వచ్చేయి. గేదె నడిచినట్టు మెల్లగా, చప్పుడు లేకుండా. మొదటి రెండు రోజులూ మెట్ల మీద కూర్చుని చూస్తూనే ఉన్నాం, ఒక్కో మెట్టూ పోయేది. తీసుకెళ్ళిన పాత బియ్యం అయిపోవస్తున్నాయి, దిగి డ్రమ్ములోవి కాసిని తెచ్చుకుందామని అనుకుంటున్న మధ్యాహ్నం, కిందనుంచి ధబ్బుమని చప్పుడైంది.

మా ఆయన నడుంలోతు దాకా దిగి, హాల్లోకి తొంగి చూసి, అక్కడే నిలబడిపోయేరు.

"ఏమైందిరా?" అన్నారు అత్తగారు పైనుంచి.

"గీత కనబడ్డం లేదమ్మా."

"కనబడకపోవడం ఏంటి? బాగా చూడు."

"మునిగిపోయిందమ్మా. బల్లలు తేలిపోయేయి. డ్రమ్ము బోర్లా పడింది."

"అంత వరద కాదంటున్నారుగా ఊళ్ళో! ఆ పెద్ద వరద కంటే తక్కువేనంటున్నారుగా!"

మా ఆయన తడి బట్టలతో పైకొచ్చి కూర్చున్నాక, "పాత ఇల్లు వీధివైపు మెరక మీద ఉండేది కదే" అన్నారు నాతో, నెమ్మదిగా. అప్పుడు నాకూ వెలిగింది. డాబా మేం వెనక కొబ్బరి దొడ్లో కట్టుకున్నాం. దొడ్డి మోకాలెత్తు పల్లం. గీతని నేల నుంచి కొలిచి తెచ్చుకున్నాం గానీ, ఆ నేల మారిపోయిందని ఎవరికీ తట్టలేదు. ఇన్నేళ్ళూ పసుపు రాసి బొట్లు పెట్టింది తప్పు గీతకి. ఇలాంటి పొరపాటు చేయడం లంకవాళ్ళకే చెల్లింది.

మా అత్తగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆవిడని చూస్తే నాకు డ్రమ్ము కంటే ఎక్కువ బాధనిపించింది.

పైన ఉన్నది మొన్న వేసవిలో వచ్చిన దాళ్వా బియ్యం, కొత్తవి. పాతవి అయిపోయిన రోజున వాటినే వార్చి, నెయ్యి వేసి పెట్టేను. మా అమ్మాయి, "డాక్టరుగారు అన్నీ తినమన్నారమ్మా, నాన్నమ్మవన్నీ చాదస్తాలు" అని నవ్వుతూనే తింది. సాయంత్రానికి కడుపు పట్టేసి మెలికలు తిరిగింది. విరేచనాలు. మర్నాటికి పసిదానికీ అంతే. అది బియ్యం తప్పో, వరద నీళ్ళ తప్పో నాకు తెలీదు. కాచి చల్లార్చిన నీళ్ళే ఇచ్చేను. కానీ ఆ తర్వాత అమ్మాయి ఆ అన్నం ముద్ద చూస్తేనే మొహం తిప్పుకునేది. పడవ మీద పులిహోర పొట్లాలు, బన్నులు, బంగాళదుంపలు ఇచ్చి వెళ్ళేరు ప్రభుత్వంవాళ్ళు. ఇచ్చిన చేతులకి దణ్ణం పెట్టేను. కానీ బాలింతకి అవేవీ పనికిరావు. బన్ను పాలల్లో ముంచి రెండు ముక్కలు తినేది, అంతే. తల్లి తినకపోతే పాలెక్కడివి? పసిది రొమ్ము పట్టుకుని, లాగి లాగి, వదిలేసి ఏడ్చేది. ఆ ఏడుపు రానురాను సన్నబడింది.

పురిటిల్లు కాబట్టి దీపం పెట్టే వీల్లేదు. రేకుల గదిలో పటం కూడా లేదు. నీళ్ళ మీదకి తిరిగి కూర్చుని, మనసులోనే నామం చెప్పుకున్నాను. ఏం అడగాలో కూడా తోచలేదు. అడిగి అడిగి అలిసిపోయిన మనిషి ఊరికే ఎదురుగా కూర్చుంటుందే, అలా కూర్చున్నాను.

పాల ప్యాకెట్లు తెచ్చిన పడవాయన, "అమ్మాయిగారు ఎలా ఉన్నారండీ?" అనడిగితే, డ్రమ్ము సంగతి చెప్పేను. ఆయన మాత్రం ఏం చేస్తాడు, అయ్యో అని వెళ్ళిపోయేడు.

మర్నాడు అదే పడవలో పెరుగావిడ వచ్చింది.

ఆవిడ ఇల్లు మా లంక కొసన, ఏటి ఒడ్డునే. వరద వస్తే ముందు మునిగేది వాళ్ళదే. గేదెల్ని తోలుకుని, భార్యాభర్తలిద్దరూ ఏటిగట్టు మీద టార్పాలిన్ బరకం కింద ఉంటున్నారని విన్నాను. నెత్తి మీద ఎప్పటి తపేలానే ఉంది, మూత మీద గుడ్డ కట్టి. పడవ మా మెట్లకి ఆనగానే, చీర కుచ్చెళ్ళు దోపుకుని దిగింది.

మా అత్తగారికీ ఆవిడకీ రోజూ ఒక పోట్లాట ఉండేది. పెరుగు పలచనైందని ఈవిడా, గడ్డి లేదని ఆవిడా. ఆ గొంతు వినగానే మా అత్తగారు అన్ని రోజుల తర్వాత లేచి కూర్చున్నారు.

"ఏమే, ఇంత వరదలోనూ పెరుగు అమ్మడానికి వచ్చేవా? ఇవాళ ఎన్ని నీళ్ళు కలిపేవు?"

"చుట్టూ ఇన్ని నీళ్ళుంటే ఇంకా నేను కలపడమెందుకండీ మామ్మగారూ" అంది పెరుగావిడ. "ఇవాళ పెరుగు లేదండీ. బియ్యం కొలుచుకోండి."

గుడ్డ విప్పింది. తపేలా నిండా బియ్యం. సన్నగా, పసుపు తిరిగిన పాత బియ్యం. మా అత్తగారు చెయ్యి పెట్టి, గుప్పిట్లోకి తీసుకుని, వేళ్ళ మధ్య నలిపి, రెండు గింజలు నోట్లో వేసుకుని కొరికేరు. "ఏడాది దాటేయి" అన్నారు.

"ఎక్కడివమ్మా నీకు?" అన్నాను నేను.

"మా ఆయనకి కడుపు ఆపరేషనైంది కదండీ అమ్మగారూ. కొత్త బియ్యం పడవండి, పాతవాటి జావే తాగుతాడు. ఆయన కోసం దాస్తానండి."

"మరి ఆయనకి?"

"ఆయ్, ఉన్నాయిలెండి. ముందు పొయ్యి వెలిగించండి, అమ్మాయిగారి మొహం చూడలేకపోతున్నాను."

పురిటిల్లని గుమ్మం బయటే నిలబడి, మెడ సాచి పసిదాన్ని చూసింది. "అచ్చం మామ్మగారి ముక్కేనండి. కోపం కూడా అలాగే వస్తదేమో!" అంది. మా అత్తగారు తిట్టబోయి నవ్వేసేరు. డబ్బులు తీయబోతే తపేలా బోర్లించి దులిపి, నెత్తిన పెట్టుకుని, పడవెక్కేసింది.

ఆ బియ్యం ఎన్నిసార్లు కడిగినా పెరుగు పులుపు వాసన పోలేదు. పల్చగా జావ కాచి, శొంఠి వేసి ఇచ్చేను. మా అమ్మాయి గ్లాసు ఖాళీ చేసి, "ఇంకొంచెం ఉందా అమ్మా?" అంది. నేను అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. మర్నాడు మెత్తగా అన్నం పెట్టేను, వెల్లుల్లి కారంతో. నీళ్ళు తీసేలోపే అమ్మాయి లేచి కూర్చుంది, పసిది కడుపునిండా తాగి నిద్రపోయింది. ఆ నిద్ర చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో. నేను అడగడం చాతకాక ఊరుకున్నదేదో దాన్నే స్వామి ఆవిడ చేత పంపించేడనే అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

వరద తీసేక, ఇల్లు కడగడం సగంలో వదిలి, గట్టు మీదకి వెళ్ళేను ఆవిడని చూడాలని. ఆవిడ గడ్డికి వెళ్ళింది. బరకం కింద ఆవిడ భర్త ఒక్కడే కూర్చుని, మజ్జిగలో బన్ను నానబెట్టుకు తింటున్నాడు. చిక్కి సగమయ్యేడు. ఉన్నాయిలెండి అన్న బియ్యం ఎక్కడా లేవు. ఉన్నవన్నీ మాకే తెచ్చేసిందని అప్పుడు తెలిసింది.

నా మొహం చూసి ఆయనే నవ్వేడు. "ఏం పర్లేదండీ అమ్మగారూ. నా జావ మీ మనవరాలు తాగేసింది. పెద్దయ్యేక నాకు కాచి పెట్టమనండి."

"తప్పకుండా బాబూ" అన్నాను. "మా బియ్యం పాతబడగానే ముందు మీ ఇంటికే."

కొత్తపేట కొట్లో పాత బియ్యం అమ్ముతారు. ఆ వారంలోనే తెప్పించి ఆయనకి పంపేను, ప్రాణం నిలబడాలి కదా. కానీ అది తీర్చడం కాదని మా అత్తగారి మాట. ఎవరింట్లోనో ఏడాది పాటు ఆశ చంపుకుని దాచుకున్నదానికి, మనింట్లో అలాగే దాచి ఇవ్వాలి అన్నారు. అందుకని ఆ దాళ్వా బస్తాలో బియ్యమే డ్రమ్ము కడిగి ఎండబెట్టి అందులో పోసేం, వేపాకు వేసి, గుడ్డ కట్టి. ఇకమీదట వరద కబురు వస్తే సంచుల్లోకి తీసి పైగదికే. ఉగాది దాటితే అవీ పాతబడతాయి.

ఉగాది దాకా ఆగలేదు గోదారి. వరద తీస్తూ తీస్తూ ఆ కొస ఒడ్డు కోసుకుపోయింది. వాళ్ళ పాక, పాక వెనక పశువుల చావిడి, కొబ్బరి చెట్లు ఒకటొకటిగా ఏట్లోకి వాలిపోయేయి. కొన్నాళ్ళు గట్టు మీదే ఉన్నారు, పెరుగు కూడా పోసింది. ధనుర్మాసంలో ఒకరోజు ఆవిడ రాలేదు. గేదెల్ని అమ్మేసి, ఆయన్ని తీసుకుని, హైదరాబాదు వైపు ఏదో అపార్ట్‌మెంటులో కాపలా పని దొరికిందని వెళ్ళిపోయేరట. పడవాయన దగ్గరా నంబరు లేదు.

గీతని మా ఆయన చెరిపి, మోకాలెత్తు పైన కొత్తది వేసేరు. మనవరాలు ఇప్పుడు పరుగులు పెడుతోంది, కువైట్ ఫోనులో తండ్రిని గద్దిస్తోంది. ఏటా శ్రావణంలో నేను మళ్ళీ ఎత్తుతూనే ఉన్నాను, దించుతూనే ఉన్నాను. ఓపిక ఏటికేడూ తగ్గుతోంది. ఆ డ్రమ్ములో బియ్యం మటుకు ఉంచుతున్నాను. పాతవి ఊళ్ళో ఏ పురిటింటికో ఇచ్చి, మళ్ళీ కొత్తవి పోసి పాతబెడతాను. అవి ఆవిడవి.

ఇది చదువుతున్న తల్లులారా, మీ అపార్ట్‌మెంటు గేటు దగ్గర కోనసీమ యాసలో "ఆయ్" అంటూ, మాటకి మాట వడ్డిస్తూ నవ్వే ఆవిడ ఉంటే, పక్కన బక్కచిక్కిన భర్త ఉంటే, లంకలో మీ బియ్యం పాతబడి ఉన్నాయని ఆవిడతో చెప్పండి. ఆవిడ మీకు కనబడకపోయినా సరే, మీ ఇంట్లో బియ్యం కడిగేటప్పుడు ఎప్పుడైనా ఒక్కసారి మా పెరుగావిడని తలుచుకుని, ఆవిడ ఇంట జావకి లోటు రానీయకు తండ్రీ అని ఒక దణ్ణం పెట్టండి.